పాచిపనికి రంగెలా అంటింది?

మన భాషలో "పాచిపని" అనే మాట ఉంది. రాత్రి తిన్న ఎంగిలి గిన్నెలు తెల్లారి తోమడం, ఇల్లూ వాకిలీ ఊడవడం, తడిగుడ్డ పెట్టడం, విడిచిన బట్టలు ఉతకడం, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఈ పనులే ఒక ఇల్లాలు తన ఇంట్లో చేసుకుంటే "ఇల్లు అద్దంలా పెట్టుకుంటుందమ్మా" అని మెచ్చుకుంటాం. అదే మనిషి రెండు వీధుల అవతల ఇంకొకరి ఇంట్లో చేస్తే "పాపం, పాచిపని చేసుకుని బతుకుతోంది" అంటాం. గిన్నె అదే, పీచు అదే, చేతులూ అవే. రెండు వీధులు దాటేసరికి ఈ నామోషీ ఎక్కడినుంచి వచ్చి అంటుకుంది?

జీతానికి చేస్తోంది గనుక అంటారా? మనమంతా జీతానికి చేసేవాళ్ళమే. లేకపోతే అలాంటి జీతం కోసం చదువుతున్నవాళ్ళమే. మురికి ముట్టుకుంటుంది గనుక అంటారా? ఆపరేషన్ థియేటర్లో సర్జన్‌గారు ముట్టుకునేది గంధం కాదు గదా! చదువు అక్కర్లేని పని గనుక అంటారా? మూడు నెలల పసిగుడ్డుని పొద్దుటినుంచి సాయంత్రందాకా ఏడవకుండా, పడిపోకుండా, ఆకలి తెలుసుకుని చూసుకోవడం ఎంత సులువో ఒక్కరోజు చేసిచూసినవాళ్ళకి తెలుస్తుంది.

మన దేశంలో దీనికి జవాబు కులంలో ఉందని సాంఘికశాస్త్రం చదివినవాళ్ళు ఠక్కున చెబుతారు. అందులో తప్పేమీ లేదు. కాని ఏ పని ఎవరు చేస్తారన్నది మనకి ఎండావానల్లాగా పుట్టుకతో కనపడుతున్న విషయం కావడంవల్ల, అది ఎలా తయారైందో చూడటం కష్టం. తయారవుతూ ఉండగా కళ్ళకి కనపడిన చోటు ఒకటుంది: అమెరికా. అక్కడ ఇంటిపనికీ పిల్లల పెంపకానికీ ఒక రంగు అంటుకోవడం, ఆ రంగుని ఆచారం కాపాడటం, ఆ ఆచారాన్ని చట్టం తన భాషలోకి తర్జుమా చేసుకోవడం, ఇవన్నీ తేదీలతో సహా దొరుకుతాయి. ఈ వ్యాసంలో ఎక్కువభాగం ఆ కథే.

1865లో అమెరికాలో బానిసత్వం రద్దయింది. దక్షిణాది రాష్ట్రాల్లో అంతకుముందు నల్ల స్త్రీ పత్తి చేలల్లోనూ పనిచేసింది, దొరల ఇళ్ళలోనూ పనిచేసింది. దొరసాని బిడ్డకి తన పాలిచ్చి, తన బిడ్డని ఇంకెవరి ఒళ్ళోనో వదిలింది. స్వేచ్ఛ వచ్చిన తర్వాత ఈ స్త్రీలకి దొరికిన కూలిపని మళ్ళీ ఇంటిపనే. 1880లో అట్లాంటా నగరంలో కూలికి పోయే నల్ల స్త్రీలలో 98 శాతం దాకా ఇంటిపనివాళ్ళేనని చరిత్రకారులు లెక్క తేల్చారు. పేరు మారింది, పని మారలేదు.

అయితే ఒకటి మారింది, అది చాలా ముఖ్యం. యజమాని ఇంట్లోనే పడి ఉండి ఇరవైనాలుగు గంటలూ పిలిస్తే పలకడానికి ఈ స్త్రీలు ఒప్పుకోలేదు. పొద్దున వెళ్ళి సాయంత్రం తమ గుడిసెకి తిరిగొచ్చే పద్ధతి పట్టుబట్టి సాధించుకున్నారు. అందరికంటే ఎక్కువమంది ఎంచుకున్నది చాకలిపని. ఎందుకంటే బట్టల మూటలు సోమవారం ఇంటికి తెచ్చుకుని, తన పెరట్లో, తన పిల్లల మధ్య ఉతికి ఇస్త్రీచేసి శనివారం ఇచ్చిరావచ్చు. నెత్తిమీద దొరసాని ఉండదు. నీళ్ళు మోయడం, సబ్బు తామే తయారుచేసుకోవడం, గంజి కాచుకోవడం, ఇనప పెట్టెలు పొయ్యిమీద కాల్చుకోవడం, ఇంతా చేస్తే నెలకి నాలుగునుంచి ఎనిమిది డాలర్లు. అయినా దానికే మొగ్గుచూపారంటే, డబ్బుకంటే తమ పిల్లల దగ్గర ఉండే హక్కుకి ఎంత విలువ కట్టారో ఆలోచించండి.

1881 జూలైలో ఇరవైమంది చాకలి స్త్రీలు అట్లాంటాలో ఒక చర్చిలో సమావేశమై సంఘం పెట్టారు. పన్నెండు పౌన్ల బట్టలకి ఒక డాలరు ఇవ్వాలన్నారు. ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని కూడగట్టారు. మూడు వారాల్లో సమ్మెలో ఉన్నవాళ్ళూ మద్దతిచ్చినవాళ్ళూ కలిసి మూడువేలమంది అయ్యారు. వాళ్ళలో కొద్దిమంది తెల్ల చాకలి స్త్రీలు కూడా ఉన్నారు. కొందరిని అరెస్టు చేశారు, జరిమానాలు వేశారు. సంఘంలో చేరిన ప్రతి స్త్రీ ఏడాదికి 25 డాలర్లు లైసెన్సు ఫీజు కట్టాలని నగర కౌన్సిల్లో తీర్మానం పెట్టారు. నెలకి నాలుగు డాలర్లు సంపాదించే మనిషి పాతిక డాలర్లు ఎక్కడినుంచి తెస్తుంది? ఉద్దేశం ఫీజు వసూలు కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఈ స్త్రీలు మేయరుకి జాబు రాస్తూ, పాతికేమిటి, కావాలంటే యాభై కడతాం, కాని అప్పుడు ఊళ్ళో బట్టల పని మొత్తం మా చేతిలో ఉంటుందని హెచ్చరించారు. ఆ అక్టోబరులో అట్లాంటాలో పెద్ద పత్తి ఎగ్జిబిషను జరగబోతోంది. దేశమంతటినుంచి పెద్దమనుషులు వస్తారు. ఊళ్ళో ఉతికిన చొక్కా దొరక్కపోతే ఎలా? కౌన్సిలు ఆ ఫీజు తీర్మానాన్ని పక్కన పెట్టేసింది.

మనకి చాకలిపని ఒక కులం పేరు. వాళ్ళకి అది ఒక జాతి పని అయింది. పోలిక అక్కడితో ఆపను, ఎందుకంటే ఇంకా దగ్గర పోలికలున్నాయి.

వంటపని చేసే నల్ల స్త్రీ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు యజమాని వంటింట్లో మిగిలిన కూడూ కూరా ఒక గిన్నెలో పెట్టుకుని తీసుకెళ్ళేది. తీసుకెళ్ళే గిన్నె పేరే ఈ ఆచారానికి కూడా పేరయింది. యజమానురాలి దృష్టిలో ఇది దయాధర్మం. ఒక్కోసారి దొంగతనం కూడా. పనిమనిషి దృష్టిలో ఇది జీతంలో భాగం; కూడు పెడుతున్నామన్న సాకుతోనే కదా డబ్బు తక్కువ ఇస్తున్నారు! ఒకే గిన్నె, దాతకి దానంలాగా, పనిమనిషికి బాకీలాగా కనపడింది. మన ఇళ్ళలో పండక్కి ఇచ్చే పాత చీరని, నిన్నటి పులిహోరని గురించి కూడా ఇలాంటి రెండు లెక్కలుంటాయి. రెండో లెక్క మనం ఎప్పుడూ వినం.

ఇక అంటు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దక్షిణాది నగరాల్లో క్షయ వ్యాపించింది. ఇరుకు గుడిసెలు, డ్రైనేజీ లేని వాడలు, తక్కువ తిండి ఉన్నచోట ఆ జబ్బు ఎక్కువుండటంలో వింత లేదు. కాని అట్లాంటాలో తెల్ల పత్రికలూ కొందరు డాక్టర్లూ దాన్ని "నల్ల పనివాళ్ళ జబ్బు"గా ప్రచారం చేశారు. పనిమనిషి తమ ఇంటికి జబ్బు మోసుకొస్తోందని భయపెట్టారు. పనిమనుషులకి వైద్యపరీక్ష చేసి లైసెన్సులివ్వాలన్న ప్రతిపాదనలు వచ్చాయి. వాళ్ళ వాడకి మంచినీళ్ళ కొళాయి వెయ్యాలన్న ఆలోచనకి అంత తొందర కనపడలేదు. ఇందులో అసలు విచిత్రం చూడండి. ఆ మనిషి చేత్తో వండిన అన్నం తినొచ్చు, ఆ మనిషి రొమ్ముమీద బిడ్డని పడుకోబెట్టొచ్చు. కాని ఆమె తాగిన గ్లాసు వేరు, ఆమె వచ్చే తలుపు వెనకవైపుది, ఆమె మరుగుదొడ్డి వేరు. అంటు అనేది సూక్ష్మక్రిములకి సంబంధించిన విషయమైతే ఈ లెక్క ఎక్కడా పొసగదు. ఎవరు ఎక్కడ నిలబడాలో గుర్తుచేసే పద్ధతిగా చూస్తే చక్కగా పొసుగుతుంది. కోవిడ్ వచ్చిన 2020లో మన అపార్టుమెంట్లలో మొట్టమొదట గేటు బయట ఆపింది ఎవరినో పాఠకులు గుర్తుచేసుకోవచ్చు. విమానాల్లో వచ్చినవాళ్ళనయితే కాదు.

పిల్లల్ని పెంచిన చేతుల సంగతికి వస్తే ఈ కథ మరీ చిక్కుపడుతుంది. దక్షిణాది తెల్లవాళ్ళు తమను పెంచిన నల్ల దాదిని "మామీ" అని పిలుచుకునేవారు. లావుపాటి మనిషి, తలకి గుడ్డ, ఎప్పుడూ నవ్వుముఖం, తన బిడ్డలకంటే దొరబిడ్డలంటేనే ప్రాణం. ఈ బొమ్మ కథల్లో, పాటల్లో, సినిమాల్లో, చివరికి అట్లపిండి డబ్బామీద కూడా ఎక్కింది. 1889లో మొదలైన "ఆంట్ జెమైమా" అట్లపిండి పేరు మార్చడానికి కంపెనీకి 2021 దాకా పట్టింది. ఈ మామీ ప్రేమకి గుర్తుగా రాజధాని వాషింగ్టన్‌లో విగ్రహం పెట్టాలని దక్షిణాది సైనికుల వారసురాళ్ళ సంఘం ఒకటి కోరింది. 1923లో సెనేటు ఆ బిల్లుని ఆమోదించింది. అంతకు కొద్దినెలల ముందే, 1922లో, నల్లవాళ్ళని మూకలు చంపడాన్ని అరికట్టే డయ్యర్ బిల్లు ప్రతినిధుల సభలో గెలిచి వస్తే, ఇదే సెనేటులో దక్షిణాది సభ్యులు రోజుల తరబడి మాట్లాడి దాన్ని చంపేశారు. మామీకి విగ్రహం ఇస్తారు, మామీ కొడుక్కి ప్రాణరక్షణ ఇవ్వరు. నల్ల స్త్రీల సంఘాలూ పత్రికలూ గట్టిగా నిరసించాయి, ప్రతినిధుల సభలో ఆ బిల్లు ముందుకి పోలేదు, విగ్రహం లేవలేదు.

ఆ మామీ వేషమే వేసి హేటీ మెక్‌డేనియల్ 'గాన్ విత్ ది విండ్' చిత్రానికి ఆస్కార్ గెలుచుకుంది. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. 1940లో ఆ సభ జరిగిన హోటల్లో ఆమెని సహనటులతో కాక గోడవారగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆ దాదులకి ఆ పిల్లలమీద ప్రేమ లేదని ఎవరూ అనడంలేదు. పసివాణ్ణి రెండేళ్ళు ఎత్తుకుని తిరిగితే మమకారం రాకుండా ఉండదు. ఆ మమకారాన్ని జీతం లెక్కలో జమ వేసుకోవడం దగ్గరే తిరకాసు. "మా ఇంట్లో మనిషే" అన్న తర్వాత జీతం పెంచమని ఎలా అడుగుతుంది? ఇంట్లో మనిషి సెలవడుగుతుందా? ఇంట్లో మనిషికి రాజీనామా ఉంటుందా? అయితే ఆ ఇంట్లో మనిషికి ఆస్తిలో వాటా మాత్రం ఉండదు, భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఉండదు.

పిలుపులు చూడండి. దక్షిణాదిలో నల్ల స్త్రీకి ఎంత వయసొచ్చినా "మిసెస్" అని గౌరవవాచకం పెట్టి పిలిచేవారు కారు. ఉత్త పేరుతో పిలిచేవారు. లేదా అరవైయేళ్ళ మనిషిని కూడా "పిల్లా" అనేవారు. మరీ పెద్దదైతే "ఆంటీ" అనేవారు. మనకి అత్త, పిన్ని అని వరసపెట్టి పిలవడం మర్యాద. అక్కడ అదే పిలుపు మర్యాద ఎగవెయ్యడానికి పనికొచ్చింది. ఆమె మాత్రం తను ఎత్తుకుని పెంచిన పిల్ల పెద్దదవగానే "మిస్" అని పిలవాలి. 1963లో అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే ఉద్యమకార్యకర్త, తనని పేరుతో కాక "మిస్ హామిల్టన్" అని పిలిస్తేనే జవాబు చెబుతానని కూర్చుంటే కోర్టు ధిక్కారం కింద శిక్ష వేశారు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. మన భాషలో "నువ్వు", "మీరు" ఉన్నాయి గనుక కోర్టుదాకా పోనక్కర్లేదు. యాభైయేళ్ళ మనిషిని అయిదేళ్ళ బాబు "ఏమే, ఇలా రా" అంటే తల్లిదండ్రులు ముద్దుగా నవ్వుకునే ఇళ్ళు మనకి తెలియనివి కావు.

ఇది జాతి సమస్యా, వర్గ సమస్యా అని మన క్యాంపస్‌లో ఇప్పటికీ వాదోపవాదాలు జరుగుతుంటాయి. ఆ వాదనకి అమెరికా చరిత్రలో ఒక మంచి సాక్ష్యం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో న్యూయార్క్, బోస్టన్ లాంటి ఉత్తరాది నగరాల్లో ఇంటిపనివాళ్ళు ఎక్కువగా ఐర్లండునుంచి వచ్చిన పేదపిల్లలు. వాళ్ళనీ హేళనచేశారు, "బ్రిజెట్" అనే పేరుతో కార్టూన్లు వేశారు, కేథలిక్కులని ఈసడించారు. వర్గం చేసే అవమానం అది, తక్కువదేం కాదు. కాని ఆ బ్రిజెట్ కూతురు టీచరో, టైపిస్టో అయింది. తెల్ల చర్మం ఉంది గనుక తలుపు తెరుచుకుంది. నల్ల స్త్రీకి ఆ తలుపు మూసే ఉంది. తల్లి చేసిన పనే కూతురు, కూతురు చేసిన పనే మనవరాలు చెయ్యాల్సి వచ్చింది. 1940 నాటికి కూడా పనిచేసే నల్ల స్త్రీలలో సుమారు 60 శాతం ఇంటిపనిలోనే ఉన్నారు. ఒకరికి ఇది ఎక్కి దాటిపోయే మెట్టు, ఇంకొకరికి గొయ్యి. వర్గం పనిలోకి తోసింది, జాతి అందులోంచి బయటికి రానివ్వలేదు.

అయినా ఆ గోతిలోనూ వాళ్ళు ఊరికే ఉండలేదు. దక్షిణాదినుంచి వాషింగ్టన్ నగరానికి వలసొచ్చిన స్త్రీలు మొదట యజమాని ఇళ్ళలోనే ఉంటూ, వాళ్ళిచ్చిన యూనిఫారం తొడుక్కుని పనిచేశారు. మెల్లమెల్లగా రోజుకూలి పద్ధతికి మారారు. అప్పుడు పని బట్టలు ఒక సంచిలో పెట్టుకుని, మామూలు మనుషుల్లా మంచి బట్టలు కట్టుకుని ట్రాములో వెళ్ళేవారు. ఆ సంచిని "స్వేచ్ఛ సంచి" అని పిలుచుకున్నారట. ఎలిజబెత్ క్లార్క్-లూయిస్ అనే చరిత్రకారిణి ఆ ముసలమ్మల దగ్గర కూర్చుని ఈ సంగతులు రాసిపెట్టింది.

1930ల ఆర్థికమాంద్యంలో ఆ కాస్త వెసులుబాటూ పోయింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో కొన్ని వీధిమూలల్లో పొద్దున్నే నల్ల స్త్రీలు చేతిసంచులతో నిలబడేవారు. మధ్యతరగతి గృహిణులు వచ్చి బేరమాడి గంటల లెక్కన తీసుకెళ్ళేవారు. మన అడ్డాకూలీల లాగే. ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ అనే ఇద్దరు స్త్రీలు తాము కూడా పనివాళ్ళలాగా అక్కడ నిలబడి చూసి, 1935 నవంబరులో 'ది క్రైసిస్' పత్రికలో రాశారు. అడ్డా పేరు "బానిసల సంత" అని పెట్టారు. బేరమాడటానికి వచ్చేవాళ్ళు పెద్ద ధనవంతులేం కాదు, చిన్నాచితకా ఉద్యోగుల ఇల్లాళ్ళు కూడా ఉన్నారు. పనిమనిషిని పెట్టుకోగలగడమే మధ్యతరగతి అనిపించుకోవడానికి గుర్తు అయినచోట, ఆ గుర్తు చవకగా దొరకాలి గదా.

సరిగ్గా ఆ ఏడాదే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అమెరికా కార్మికులకి గొప్ప హక్కులిచ్చింది. 1935లో వృద్ధాప్య పెన్షనూ నిరుద్యోగ భృతీ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం. అదే ఏడు సంఘం పెట్టుకునే హక్కునిచ్చిన వాగ్నర్ చట్టం. 1938లో కనీసవేతనం, పనిగంటల చట్టం. మొదటి రెండు చట్టాల్లో "ప్రైవేటు ఇంట్లో ఇంటిపని చేసేవారు తప్ప" అని రాశారు; వ్యవసాయ కూలీలనీ అలాగే తప్పించారు. మూడోదాని పరిధి రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో ఉన్నవాళ్ళకే గనుక వంటింట్లో ఉన్న మనిషి దాంట్లోకీ రాలేదు. మూడు చట్టాల్లో ఎక్కడా "నల్ల" అనే మాట లేదు. కాని ఆ రోజుల్లో నల్ల కార్మికుల్లో దాదాపు మూడింట రెండువంతులమంది ఈ రెండు పనుల్లోనే ఉన్నారు. నల్లజాతి సంఘం తరఫున సెనేటు కమిటీ ముందుకొచ్చిన చార్లెస్ హ్యూస్టన్ అనే లాయరు, ఈ బిల్లు నల్లవాళ్ళు జారిపోయేటంత కన్నాలున్న జల్లెడలా ఉందన్నాడు.

ఎందుకిలా చేశారన్నదాని మీద చరిత్రకారుల్లో భేదాభిప్రాయాలున్నాయి. దక్షిణాది సభ్యుల ఓట్లు లేకపోతే బిల్లులు గెలవవు, తమ చవక కూలీ చెదిరిపోవడానికి వాళ్ళు ఒప్పుకోరు, అందుకే అని కొందరు. లక్షల ఇళ్ళకి వెళ్ళి నెలనెలా చందా వసూలు చెయ్యడం సాధ్యం కాదని అధికారులు భయపడ్డారు, అందుకే అని మరికొందరు. నాకు రెండూ నిజమేననిపిస్తుంది. కాని రెండో కారణాన్ని విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి: "ఇల్లు ఫ్యాక్టరీ కాదు, లోపలికి ఇన్‌స్పెక్టర్ ఎలా వెళతాడు?" ఈ ప్రశ్న మళ్ళీ వస్తుంది. ఇంటిపనివాళ్ళు పెన్షను చట్టంలోకి రావడానికి 1950 దాకా పట్టింది, కనీసవేతనం కిందికి రావడానికి 1974 దాకా.

ఆ 1974 చట్టం వెనక చాలా నడక ఉంది, నడకంటే నిజంగా నడకే. 1955 డిసెంబరునుంచి 381 రోజులపాటు మాంట్‌గోమరీ నగరంలో నల్లవాళ్ళు బస్సులెక్కలేదు. ఆ బస్సులు ఎక్కువగా ఎక్కేది ఎవరు? ఊరి ఆ చివరనుంచి తెల్లవాళ్ళ పేటలకి వెళ్ళే పనిమనుషులు. వాళ్ళు నడిచారు. కొంతమంది తెల్ల గృహిణులు పనిమనిషి రాకపోతే ఇల్లు గడవక, తామే కారు వేసుకొచ్చి ఎక్కించుకుపోయారు. అలా చెయ్యవద్దని మేయరు కోరితే, ఆయనే వచ్చి మా బట్టలుతికి, వంటచేసి, పిల్లల్ని చూసుకుంటే మానేస్తామని ఒకామె అన్నట్టు వర్జీనియా డర్ తన జ్ఞాపకాల్లో రాసింది. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి, ఉద్యోగం పోయినా, తోటి ఆడవాళ్ళని కూడగట్టి, భోజనాలూ కేకులూ అమ్మి ఉద్యమానికి డబ్బు తెచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే "ఎక్కడినుంచీ కాదు" అనేది. అందుకే ఆ గుంపుకి "ఎక్కడిదీ కాని క్లబ్బు" అని పేరు. ఉద్యమం అనగానే మనకి నాయకుల ఉపన్యాసాలు గుర్తొస్తాయి. ఖర్చు పెట్టింది ఈ కేకులు కూడా.

అట్లాంటాలో డొరతీ బోల్డెన్ తొమ్మిదేళ్ళ వయసునుంచి ఇళ్ళలో పనిచేసింది. 1940లలో ఒకరోజు పనివేళ అయిపోయాక యజమానురాలు గిన్నెలు కూడా కడిగిపొమ్మంటే, కడగనని వెళ్ళిపోయింది. పోలీసులొచ్చి పట్టుకున్నారు, తెల్ల యజమానికి ఎదురు చెప్పిందంటే మతి చెడి ఉంటుందని మానసిక పరీక్షకి పంపారు. ఇది ఆమె తర్వాత స్వయంగా చెప్పిన సంగతి. 1968లో ఆమె ఇంటిపనివాళ్ళ జాతీయ సంఘం పెట్టింది. మనుషుల్ని ఎక్కడ పోగుచేసింది? సిటీబస్సుల్లో. పొద్దున్నే అందరూ ఒకే బస్సుల్లో వెళ్ళేవారు గదా. ఫ్యాక్టరీ గేటు లేని కార్మికులకి బస్సే గేటు. సభ్యత్వానికి ఒక డాలరు, ఆపైన ఓటరుగా నమోదు చేసుకోవాలన్న షరతు.

1971లో దేశంలోని ఇంటిపనివాళ్ళ మహాసభ జరిగింది. తమని ఇకమీదట "హౌస్‌హోల్డ్ టెక్నీషియన్లు" అనాలన్నారు. వినడానికి కొంచెం నవ్వొస్తుంది. పేరు మారిస్తే పని మారుతుందా అనిపిస్తుంది. కాని "పిల్లా" అన్న పిలుపు యాభైయేళ్ళు విన్నవాళ్ళకి ఆ నవ్వు రాలేదు. పార్లమెంటులో వాళ్ళ తరఫున గట్టిగా నిలబడింది షర్లీ చిజమ్, 1968లో ఎన్నికై ప్రతినిధుల సభలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి స్త్రీ. మా అమ్మ ఇంటిపని చేసింది, నేను అనుభవంతో చెబుతున్నానని సభలోనే అంది. 1973లో నిక్సన్ ఆ బిల్లుని తిప్పిపంపితే, 1974లో మళ్ళీ గెలిపించుకున్నారు. అయితే అప్పటికీ వృద్ధులకి తోడుండేవాళ్ళనీ, అప్పుడప్పుడూ పిల్లల్ని చూసుకునేవాళ్ళనీ బయటే ఉంచారు. ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్ళకి ఓవర్‌టైము లేదన్నారు. జమైకానుంచి వచ్చి ముసలివాళ్ళకి సేవచేసిన ఎవెలిన్ కోక్ ఓవర్‌టైము కోసం సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 2007లో ఓడిపోయింది. కేంద్ర కార్మికశాఖ 2013లో ఆ నిబంధన మార్చేటప్పటికి ఆమె చనిపోయి నాలుగేళ్ళు.

1964 పౌరహక్కుల చట్టం తర్వాత ఆఫీసుల తలుపులు కొంత తెరుచుకున్నాయి. 1980కల్లా ఇంటిపనిలో ఉన్న నల్ల స్త్రీలు పదిశాతం లోపుకి తగ్గిపోయారు. చట్టం కొద్దిగా రంగు చూడటం మానెయ్యగానే వాళ్ళు ఆ పని వదిలి వెళ్ళారంటే, అది వాళ్ళ "స్వభావం" అని అంతకాలం చెప్పినదంతా ఏమైనట్టు? ఖాళీ అయిన వంటింట్లోకి కరిబియన్ ద్వీపాలు, మెక్సికో, మధ్య అమెరికా, ఫిలిప్పీన్స్‌నుంచి వచ్చిన స్త్రీలు చేరారు. చాలామందికి కాగితాలు లేవు. రంగు చేసిన పని ఇప్పుడు వీసా చేసింది. 1993లో క్లింటన్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ పదవికి ప్రతిపాదించిన మొదటి మహిళ జోయీ బేర్డ్, అనుమతి లేని వలసదారుని పిల్లల ఆయాగా పెట్టుకుని ఆ జీతంమీద పన్ను కట్టలేదని బయటపడి తప్పుకోవలసి వచ్చింది. చదువుకున్న స్త్రీ ఆఫీసుకి వెళ్ళాలంటే పిల్లాణ్ణి ఇంకో స్త్రీ చూడాలి. ఆమె పిల్లల్ని ఎక్కడో ఊళ్ళో ఇంకొకరు చూడాలి. మగవాళ్ళ ఆయా సంగతి ఎవరూ అడగలేదన్నది అప్పుడే చాలామంది స్త్రీలు ఎత్తిచూపారు.

ఈ గొలుసులో మన తెలుగు స్త్రీలు కూడా ఉన్నారు. కడప ప్రాంతంనుంచి, గోదావరి జిల్లాలనుంచి దశాబ్దాలుగా కువైట్ తదితర దేశాలకి "ఖద్దామా"లుగా వెళుతున్నారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఇంకొకరి పిల్లల్ని పెంచడానికి వెళుతున్నారు. అక్కడ వీసా యజమాని చేతిలో ఉంటుంది. జీతం పనిని బట్టి కాక పాస్‌పోర్టుని బట్టి మారుతుంది: ఫిలిప్పీన్స్ ప్రభుత్వం తన స్త్రీలకి ఒక కనీసజీతానికి తక్కువ కాకూడదని పట్టుబట్టింది గనుక ఒక రేటు, మనవాళ్ళకి ఒక రేటు, ఆఫ్రికావాళ్ళకి ఇంకో రేటు. అదే ఇల్లు, అవే గిన్నెలు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళకి చట్టం చేసింది: వారానికో రోజు సెలవు, రోజుకి పన్నెండు గంటలకి మించకుండా పని, ఏడాదికి జీతంతో నెలరోజుల సెలవు. అమలు సంగతి తిరిగొచ్చినవాళ్ళని అడిగితే చెబుతారు. కాని కాగితంమీదయినా ఉంది.

మన దగ్గర? ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీసవేతనాల జాబితాలో చేర్చింది. 2008 అసంఘటిత కార్మికుల చట్టంలో, పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టంలో వాళ్ళ పేరు చేర్చారు. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థ ఇంటిపనివాళ్ళ ఒప్పందం చేస్తే మన దేశం అనుకూలంగా ఓటు వేసింది, ధ్రువీకరించడం మాత్రం చెయ్యలేదు. అమెరికా కూడా చెయ్యలేదు, ఆ విషయంలో ఇద్దరం స్నేహితులమే. పనిగంటలూ వారపుసెలవూ ఇంతని చెప్పే ప్రత్యేక కేంద్రచట్టం లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు అలాంటి చట్టం అవసరమేమో పరిశీలించడానికి కమిటీ వెయ్యమని కేంద్రాన్ని ఆదేశించింది. చర్చ వచ్చినప్పుడల్లా వినపడే అభ్యంతరం ఒకటే: ఇల్లు ఫ్యాక్టరీ కాదు, ఇన్‌స్పెక్టర్ లోపలికి ఎలా వెళతాడు?

సోషియాలజీ, ఎకనామిక్స్, చరిత్ర శాఖల్లో డిసర్టేషనుకి అంశం వెతుక్కుంటున్న మిత్రులకి ఒక సూచన. అట్లాంటా చాకలి స్త్రీల జాబు 1881నుంచి దాచి ఉంచారు గనుక మనం చదవగలుగుతున్నాం. మన ఊళ్ళో పనివాళ్ళ మాట దాచిన కాగితం ఏదీ? యూనివర్సిటీ క్వార్టర్సులో, చుట్టుపక్కల కాలనీల్లో పనిచేసేవాళ్ళని కూర్చోబెట్టి అడగవచ్చు: ఎన్నిళ్ళు, ఇంటికి ఎంత, చివరిసారి జీతం ఎప్పుడు పెరిగింది, జ్వరమొస్తే ఆ రోజు కూలి కోస్తారా, నీళ్ళు ఏ గ్లాసులో ఇస్తారు, ఏ లిఫ్టు ఎక్కనిస్తారు, ఇంట్లో పిల్లలు ఏమని పిలుస్తారు. వాళ్ళకి వీలైన టైము మధ్యాహ్నం రెండునుంచి నాలుగు మధ్య. ఆ తర్వాత మళ్ళీ సాయంత్రం గిన్నెలుంటాయి. అన్నట్టు మన అడ్మిషన్ ఫారాల్లో "తల్లి వృత్తి" అనే గడి ఉంటుంది. "గృహిణి" అని రాసి ఉన్న ఫారాల్లో ఎన్నింటి వెనక తల్లి పొద్దున్నే నాలుగిళ్ళు తిరిగొస్తోందో, ఆ లెక్క కూడా ఎవరైనా తియ్యవచ్చు. పేర్లు రాయకుండా, విద్యార్థులు తమంతట చెబితేనే.